చెరువు ఎండితే పూడిక మట్టి బంగారం, మరి సముద్రం ఎండితే ఎందుకు విషం? (అరల్ సముద్రం అడుగు నేల గురించి)

#1 · చెరువుగట్టు

అందరికీ నమస్కారం. చాలా రోజులుగా ఒక అనుమానం తొలుస్తోంది. వ్యవసాయం విభాగంలో అడగాలా, పర్యావరణం విభాగంలో అడగాలా తెలియక ఇక్కడ పెడుతున్నా.

మాది సూర్యాపేట వైపు. 2016 ఎండాకాలంలో మిషన్ కాకతీయ కింద మా చెరువు పూడిక తీస్తుంటే ట్రాక్టర్లు పెట్టి ఎకరంన్నరకు మట్టి తోలించుకున్నాం. ఆ ఏడు చేను నల్లగా వచ్చింది, యూరియా కూడా తగ్గించాం. అంటే నీళ్ల అడుగున ఏళ్ల తరబడి పేరుకున్న మట్టి పంటకు మంచిదనే కదా.

మొన్న రాత్రి నిద్రపట్టక ఫోన్ చూస్తుంటే మధ్య ఆసియాలో కజకిస్తాన్, ఉజ్బెకిస్తాన్ మధ్య ఉన్న అరల్ సముద్రం వీడియో వచ్చింది. ఇసుకలో ఓడలు, వాటి నీడలో పడుకున్న ఒంటెలు. అది కూడా నీళ్ల అడుగున పేరుకున్న మట్టేగా? అంత నేల బయటపడితే పంటలు పండాలిగానీ, ఆ గాలి పీలిస్తేనే రోగాలొస్తున్నాయట. ఎందుకలా? కింద కామెంట్లలో సగం మంది భూతాపం అంటున్నారు, సగం మంది పత్తి అంటున్నారు. తెలిసినవాళ్లు చెప్పండి.

#2 · మట్టిపరీక్ష

మంచి ప్రశ్న. ముప్పై ఏళ్లు మట్టి నమూనాలు చూసి రిటైరైనవాణ్ణి, నాకు తెలిసింది చెప్తాను.

మీ చెరువుకు తూము ఉంది, అలుగు ఉంది. వానలకు నిండుతుంది, అలుగు పారుతుంది. నీటితో వచ్చిన ఉప్పు నీటితోనే పోతుంది, బరువైన ఒండ్రు మాత్రం అడుగున ఉండిపోతుంది. మీ చేలోకి వచ్చింది ఆ ఒండ్రే.

అరల్ అలుగు లేని చెరువు. పామీర్ కొండల నుంచి అము దర్యా, తియాన్ షాన్ కొండల నుంచి సిర్ దర్యా వచ్చి అందులో పడేవి. అక్కడి నుంచి నీరు బయటికి పోవాలంటే దారి ఒక్కటే, ఆవిరి కావడం. ఆవిరితో పాటు ఉప్పు పైకి పోదుగా! వేల ఏళ్లుగా ఆ రెండు నదులూ రాళ్లను కడిగి తెచ్చిన లవణాలన్నీ అక్కడే ఆగిపోయాయి.

1960 నాటికి అందులో దాదాపు వెయ్యి ఘన కిలోమీటర్ల నీరు, లీటరుకు సుమారు 10 గ్రాముల ఉప్పు. గుణించి చూడండి, వెయ్యి కోట్ల టన్నులు. నీళ్లు పోయాయి, ఇది పోలేదు. కొంత మిగిలిన నీటిలో చిక్కబడింది, కొంత అడుగు మట్టిలో ఇంకింది, కొంత పైన తెల్లగా తేలింది.

దానికి తోడు ఎగువన పత్తిచేల నుంచి వచ్చిన మురుగు నీరు. డీడీటీ, లిండేన్ లాంటి పురుగుమందులు, పత్తి ఏరే ముందు ఆకు రాల్చడానికి కొట్టే మందులు, అన్నిటి అవశేషాలూ ఆ నదుల ద్వారా అక్కడికే చేరాయి.

#3 · గోదారిగట్టు

"అలుగు లేని చెరువు". సార్, ఈ ఒక్క మాటతో సగం అర్థమైపోయింది.

#4 · బేఏరియా_బాటసారి

ఘన కిలోమీటర్లంటే మనకు తలకెక్కదు కాబట్టి టీఎంసీల్లోకి మారుస్తున్నా. ఒక ఘన కిలోమీటరు 35.3 టీఎంసీలు. అంటే 1960లో అరల్‌లో ఉన్నది 35 వేల టీఎంసీల పైమాటే. నాగార్జునసాగర్ ఇప్పటి సామర్థ్యం 312 టీఎంసీలు. వంద సాగర్లు పెట్టినా ఇంకా మిగులుతుంది.

విస్తీర్ణం సుమారు 68 వేల చదరపు కిలోమీటర్లు. అప్పట్లో ప్రపంచంలోని భూపరివేష్ఠిత జలాశయాల్లో నాలుగో స్థానం. ఏటా నదుల నుంచి వచ్చే నీరు 55 ఘన కిలోమీటర్లకు అటూఇటూగా ఉండేది. టీఎంసీల్లో రెండు వేలకు కాస్త తక్కువ. కృష్ణా నది మొత్తానికి బచావత్ ట్రిబ్యునల్ కట్టిన నికర జలాల లెక్క 2060. అంటే ఏటా ఒక కృష్ణమ్మ వచ్చి ఆ సముద్రాన్ని నిలబెట్టేది.

సోవియట్ కాలంలో ఆ కృష్ణమ్మను పత్తిచేలకు మళ్లించారు. 1954లో అము దర్యా నుంచి కరకుమ్ కాలువ మొదలుపెట్టారు. 1,300 కిలోమీటర్లకు పైగా ఎడారిలో తవ్వుకుంటూ పోయారు, అడుగుకు లైనింగ్ లేదు. పారినంత పారింది, ఇంకినంత ఇంకింది. 1980ల్లో కొన్నేళ్లు అము దర్యా నీరు సముద్రం మొహమే చూడలేదు. 1987 ప్రాంతంలో ఉత్తర, దక్షిణ ముక్కలుగా విడిపోయింది. తర్వాత దక్షిణ ముక్క మళ్లీ తూర్పు, పడమరగా చీలింది. 2014లో నాసా ఉపగ్రహ చిత్రాల్లో తూర్పు భాగం మొత్తం ఎండిపోయి కనబడింది. అలా బయటపడ్డ నేలకే ఇప్పుడు అరల్‌కుమ్ అని పేరు. కుమ్ అంటే వాళ్ల భాషలో ఇసుక.

#5 · పత్తిచేను_ఆదిలాబాద్

ఏం జరిగినా చివరికి పత్తి మీదకే వస్తుంది. ఇక్కడ రైతు ఆత్మహత్యలంటే పత్తి, అక్కడ సముద్రం ఎండితే పత్తి. పత్తి వెళ్లి సముద్రం తాగిందా? వరి తాగలేదా? వాళ్లూ వరి వేస్తారు. ఎండలు పెరిగాయి, మంచు తగ్గింది, వానలు లేవు, ఆ సంగతి ఎవరూ మాట్లాడరేం?

#6 · బేఏరియా_బాటసారి

అన్నా, కోపం వద్దు. పత్తి మొక్క తప్పని ఎవరూ అనలేదు. వరి కూడా తాగింది, నిజమే, ఉజ్బెకిస్తాన్ వైపు అరల్ పక్కనున్న కరకల్‌పక్‌స్తాన్‌లో వరి బాగానే వేస్తారు. కానీ మాస్కో నుంచి టార్గెట్ ఇచ్చింది పత్తికి. అక్కడ పత్తిని "తెల్ల బంగారం" అనే అంటారు, మనలాగే. బళ్లు మూసేసి పిల్లల్ని కూడా పత్తి ఏరడానికి తోలేవాళ్లు. ఆ నిర్బంధ చాకిరీ మీద ఎన్నో అంతర్జాతీయ బ్రాండ్లు ఉజ్బెక్ పత్తిని బహిష్కరించాయి. 2022లోగానీ ఆ బహిష్కరణ ఎత్తేయలేదు.

భూతాపం సంగతికొస్తే, వరస ముఖ్యం. 1960 నుంచి 1990 దాకా సముద్రం కుంచించుకుపోయింది ప్రధానంగా కాలువల వల్ల. కొండల్లో నదులు ఎప్పటిలాగే పుట్టాయి, మధ్యలో మాయమయ్యాయి. ఇది సోవియట్ ఇంజినీర్లకు తెలియక జరిగింది కాదు. సముద్రం ఎండిపోతుందని లెక్కగట్టే కాలువలు తవ్వారు. ఎడారిలో ఆవిరైపోవడానికి అంత నీరు వృథాగా పోతోందన్నది వాళ్ల వాదన.

#7 · గోదారిగట్టు

"వృథాగా సముద్రంలో కలుస్తున్న నీరు"... ఈ మాట ఎక్కడో విన్నట్టుందే 😀 మన ప్రతి ఎన్నికల సభలోనూ

#8 · పత్తిచేను_ఆదిలాబాద్

గోదారి గట్టున కూర్చుంటే ఏ మాటైనా అనొచ్చు బ్రదర్. మా మెట్ట చేలకొచ్చి ఒక్క ఆగస్టు నెల గడుపు. వృథా అంటే ఏంటో అప్పుడు తెలుస్తుంది.

#9 · వేదిక నిర్వాహకుడు

ప్రాజెక్టుల గొడవ ఇక్కడ మొదలుపెట్టొద్దు. దానికి వేరే చర్చ నడుస్తోంది, ఇప్పటికే 400 వ్యాఖ్యలు దాటింది. ఇక్కడ అరల్ మట్టి గురించే మాట్లాడండి. రెండు వ్యాఖ్యలు తీసేశాను.

#10 · సమర్‌ఖండ్_మెడికో

హాయ్ అండి. నేను ఇక్కడ ఉజ్బెకిస్తాన్‌లోని సమర్‌ఖండ్‌లో ఎంబీబీఎస్ నాలుగో సంవత్సరం. మాది నరసరావుపేట. ఈ చర్చ చూసి అకౌంట్ తెరిచాను, ఎందుకంటే గత మేలో మేం నలుగురం అరల్ చూడ్డానికి వెళ్లాం.

రాత్రి రైలెక్కితే పొద్దునకు కరకల్‌పక్‌స్తాన్ రాజధాని నుకుస్. అక్కడి నుంచి మొయ్‌నాక్ సుమారు 200 కిలోమీటర్లు, కారులో మూడు గంటలు పైనే పట్టింది. దారంతా పక్క పొలాల్లో సుద్ద చల్లినట్టు తెల్లటి మచ్చలు. మొదట మంచేమో అనుకున్నా, మే నెలలో మంచేంటని మా ఫ్రెండ్ నవ్వింది. ఉప్పు.

మొయ్‌నాక్ ఒకప్పుడు రేవు పట్టణం. చేపలు డబ్బాల్లో పెట్టే పెద్ద ఫ్యాక్టరీ ఉండేదట. ఇప్పుడు గట్టు మీద నిలబడి కిందికి చూస్తే తుప్పుపట్టిన ఓడలు వరసగా, చుట్టూ పొదలు. నీళ్లు వెనక్కి పోతుంటే జాలర్లు కాలువలు తవ్వుకుంటూ వెంటపడ్డారని మ్యూజియంలో చెప్పారు. ఇప్పుడు నీళ్లు చూడాలంటే అక్కడి నుంచి ఇంకా వంద కిలోమీటర్లకు పైనే వెళ్లాలి. కాళ్ల కింద గవ్వలు మాత్రం ఇంకా ఉన్నాయి, తొక్కితే అప్పడంలా విరుగుతాయి.

మర్నాడు జీపులో సముద్రం అడుగు మీదుగా వెళ్లాం. ఒకచోట డ్రైవర్ బండి ఆపి దిగమన్నాడు. పైకి గట్టి నేలలాగే ఉంది. అడుగేస్తే టప్‌మని పొర విరిగి కాలు చీలమండ దాకా దిగింది. పొర కింద టాల్కం పౌడరంత మెత్తటి మట్టి, అడుగుపెట్టినచోటల్లా పొగలా లేచింది. పెదాల మీద చేదు. మామూలు ఉప్పు రుచి కాదండి, విరేచనాల మందులా ఉంది. రెండు రోజులు గొంతు గరగర.

డ్రైవర్‌కి యాభై ఏళ్లు పైనే ఉంటాయి. ఆయన చిన్నప్పుడు వాళ్ల నాన్న పడవ మీద పనిచేసేవాడట. 2018 మే నెలాఖరులో ఉప్పు తుపాను వచ్చినప్పటి సంగతి చెప్పాడు. మూడు రోజులు ఆకాశం తెల్లగా ఉందట. కూరగాయల మొక్కలు, చెట్ల ఆకులు మాడిపోయాయట. ఇంట్లో టీ పెట్టుకుంటే ఉప్పగా ఉండేదని నవ్వుతూ చెప్పాడు. ఆ నవ్వు చూసి నాకు ఏం మాట్లాడాలో తెలియలేదు.

#11 · చెరువుగట్టు

అమ్మా, కళ్లకు కట్టినట్టు రాశావు. ఆ పొర కింద పౌడర్ ఏంటి? మా దగ్గర చౌడు నేలలో అలా ఉండదు, తడి ఆరితే బండలా గట్టిపడుతుంది.

#12 · మట్టిపరీక్ష

చేదుగా ఉందని రాసింది చూశారా, జవాబు అందులోనే ఉంది. సముద్రపు ఉప్పంటే మనకు గుర్తొచ్చేది సోడియం క్లోరైడ్, కూరలో వేసేది. అరల్ నీటిలో సల్ఫేట్ల పాలు చాలా ఎక్కువ. సోడియం సల్ఫేట్‌నే గ్లాబర్ లవణం అంటారు, పాత రోజుల్లో విరేచనాలకు ఇచ్చేవాళ్లు. డాక్టరమ్మ నాలుక సరిగ్గానే పట్టింది.

ఆ లవణం గుణం విచిత్రం. చల్లగా, తేమగా ఉన్నప్పుడు ఒక్కో అణువు పది నీటి అణువుల్ని పట్టుకొని స్ఫటికంగా ఉబ్బుతుంది. ఉబ్బుతూ చుట్టూ ఉన్న మట్టి రేణువుల్ని ఒకదాన్నుంచి ఒకటి తోసేస్తుంది. ఎండ ముదిరి 32 డిగ్రీలు దాటితే ఆ నీటిని వదిలేసి పొడైపోతుంది. మళ్లీ రాత్రి చలి, మళ్లీ ఉబ్బు. ఏడాదికి ఎన్నిసార్లు ఇలా జరుగుతుందో ఊహించండి. మట్టి దూదేకినట్టు అయిపోతుంది. పైన పల్చటి పొర, కింద బూడిద. బండి టైరో, పశువు కాలో పడి పొర విరిగిందా, గాలికి ఇక అడ్డేం ఉండదు.

అక్కడ కూడా నేలంతా ఒక్కలా ఉండదు. 1960ల్లో, 70ల్లో ముందుగా బయటపడిన పాత ఒడ్డు దగ్గర ఇసుక ఎక్కువ, వానకు ఉప్పు కొంత కిందికి దిగింది, పొదలు వచ్చాయి. మొయ్‌నాక్ ఓడల చుట్టూ కనబడినవి అవే. తర్వాత బయటపడిన లోతట్టు నేల జిగురు బంకమట్టి, ఉప్పు మరీ ఎక్కువ. అసలు బాధ అక్కడే.

మీ చౌడు వేరే రకం అయ్యుండొచ్చు. పాల చౌడు, కారు చౌడు తేడా తర్వాత రాస్తాను, మనవడు బండి తాళం అడుగుతున్నాడు.

#13 · బేఏరియా_బాటసారి

పత్తిచేను అన్న అడిగిన వాతావరణం సంగతికి సూటిగా జవాబివ్వలేదు, ఇప్పుడిస్తా.

మొదటిది, సముద్రం పోవడం వల్లే స్థానికంగా వాతావరణం మారింది. అంత నీరు పక్కన ఉంటే ఎండాకాలం చల్లబరుస్తుంది, చలికాలం వెచ్చగా ఉంచుతుంది. విశాఖకూ రామగుండానికీ మే నెలలో తేడా మనకు తెలిసిందేగా. సముద్రం పోయాక అక్కడ ఎండలు ముదిరాయి, చలీ ముదిరింది. వసంతంలో మంచు ఆలస్యంగా వదులుతోంది, శరదృతువులో ముందే పడుతోంది. పంటకు దొరికే రోజులు తగ్గాయి. ఏ పత్తి కోసం సముద్రాన్ని ఎండబెట్టారో ఆ పత్తికే ఉత్తరాన కాలం చాలకుండా పోయింది!

రెండోది ప్రపంచవ్యాప్త భూతాపం. ఇది ఇప్పుడు పైన వచ్చి కూర్చుంటోంది. 1961 నుంచి 2012 మధ్య తియాన్ షాన్ హిమానీనదాల ద్రవ్యరాశిలో నాలుగో వంతుకు పైగా పోయిందని ఒక అంచనా. ఇప్పటికి మంచు కరిగి నీళ్లు వస్తూనే ఉన్నాయి, కొన్నిచోట్ల ఎక్కువే వస్తున్నాయి. బ్యాంకులో అసలు తీసి ఖర్చుపెట్టుకుంటున్నట్టు. అసలు అయిపోతే ఎండాకాలం నదులు సన్నబడతాయి. మరోవైపు వేడి పెరిగితే పంటకు నీరూ ఎక్కువ కావాలి, మట్టిలో ఉప్పూ ఎక్కువ పైకి తేలుతుంది.

అంచేత సముద్రాన్ని చంపింది కాలువలు, తిరిగి లేవకుండా చేసేది భూతాపం అని నా లెక్క. దీనికితోడు అఫ్గానిస్తాన్ 2022 నుంచి ఖోష్ తెపా అని 285 కిలోమీటర్ల కాలువ తవ్వుతోంది, అము దర్యా నుంచే. వాళ్లను తప్పుపట్టే మొహం ఎవరికుంది? ఎగువనున్న వాళ్లు ఇన్నాళ్లూ పెద్దగా వాడుకోలేదు.

#14 · పత్తిచేను_ఆదిలాబాద్

పత్తికే కాలం చాలకుండా పోయిందన్న మాట బాగుంది. ఒప్పుకుంటున్నా.

మెట్ట చేల సంగతి మాత్రం వెనక్కి తీసుకోను.

#15 · హేచరీబాబాయ్

చర్చ మధ్యలో వచ్చినందుకు ఏమనుకోకండి. చీరాల దగ్గర రొయ్య పిల్లల హేచరీలో పనిచేస్తాను. అరల్ పేరు నేను మొదట విన్నది పేపర్లో కాదు, ఆర్టీమియా డబ్బా గురించి మాట్లాడుకుంటుంటే.

తెలియనివాళ్ల కోసం: ఆర్టీమియా అంటే చాలా చిన్న ఉప్పునీటి రొయ్య. దాని గుడ్లు ఎండబెట్టి డబ్బాల్లో వస్తాయి. కాఫీ పొడిలా ఉంటాయి. ఉప్పునీళ్లలో గాలి కొడుతూ ఒక రోజు ఉంచితే పొదుగుతాయి, ఆ పిల్లల్ని మన రొయ్య పిల్లలకు మేతగా వేస్తాం. ఎక్కువ సరుకు అమెరికాలో గ్రేట్ సాల్ట్ లేక్ నుంచి వస్తుంది. మధ్య ఆసియా నుంచి కూడా వస్తుంది, దక్షిణ అరల్‌లో ఏరిన గుడ్లు విదేశాలకు అమ్ముతారు.

ఆ నీటిలో ఇప్పుడు లీటరుకు వంద గ్రాములకు పైనే ఉప్పు. అంటే మన బంగాళాఖాతం కంటే మూడింతలు. చేపలన్నీ చచ్చిపోయాక ఆ నీళ్లలో బతికింది దాదాపు ఇదొక్కటే. తినే చేప లేదు కాబట్టి విపరీతంగా పెరిగింది. చచ్చిన సముద్రం నుంచి వచ్చిన గుడ్డుతో మేం బతికున్న రొయ్యను పెంచుతున్నాం. ఆ డబ్బా రేటు విన్నప్పుడల్లా మాకు మాత్రం టెన్షనే 😅

#16 · గోదారిగట్టు

బాబాయ్, ఈ సంగతి నాకు అస్సలు తెలియదు.

వేరే విషయం. మా గ్రూపులో ఒక ఫార్వర్డ్ వచ్చింది. "అరల్ సముద్రం మళ్లీ నిండిపోయింది, చేపలు వచ్చేశాయి, మీడియా చూపించదు" అని. నిజమేనా?

#17 · బేఏరియా_బాటసారి

సగం నిజం, అదీ చిన్న సగం. నిండింది ఉత్తర అరల్ మాత్రమే, కజకిస్తాన్ వైపు. పాత సముద్రంతో పోలిస్తే చిన్న ముక్క.

1992లో అక్కడివాళ్లు ఇసుకతో ఒక కట్ట వేసుకున్నారు. తెగింది, మళ్లీ వేశారు, మళ్లీ తెగింది. 1999 తుపానులో పూర్తిగా కొట్టుకుపోయింది. తర్వాత ప్రపంచ బ్యాంకు అప్పుతో కోక్-అరల్ ఆనకట్ట కట్టారు, 13 కిలోమీటర్ల పొడవు, 2005లో పూర్తయింది. నిండడానికి ఏళ్లు పడుతుందనుకుంటే ఏడాది తిరక్కుండానే అనుకున్న 42 మీటర్ల మట్టానికి (ఇది సముద్రమట్టం నుంచి ఎత్తు, లోతు కాదు) వచ్చేసింది. ఉప్పు తగ్గింది, మంచినీటి చేపలు నది నుంచి తిరిగొచ్చాయి. 2016లో పట్టిన చేపలు 7 వేల టన్నులు. 1990ల్లో అక్కడ దొరికిందల్లా ఉప్పును తట్టుకునే ఫ్లౌండర్ అనే బల్లపరుపు చేప ఒక్కటే, అదీ బయటి నుంచి తెచ్చి వదిలింది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ఆ ఆనకట్ట కట్టడమంటే దక్షిణ సముద్రాన్ని వదిలేసుకోవడమే. ఉత్తరాన మిగులు నీరున్నప్పుడు గేట్లు ఎత్తితే దక్షిణానికి కొంత పోతుంది, అది ఆ ఎడారికి ఏ మూలకూ చాలదు. ఒక బిడ్డను బతికించుకోవడానికి ఇంకో బిడ్డను వదులుకున్నట్టు. నాకైతే అది సరైన నిర్ణయమే అనిపిస్తుంది, దక్షిణాన ఉన్నవాళ్లకు అలా అనిపించదు.

#18 · సమర్‌ఖండ్_మెడికో

అవునండి, మా డ్రైవర్ కూడా అదే అన్నాడు. "కజక్ వాళ్ల దగ్గర సముద్రం ఉంది, మా దగ్గర ఓడలున్నాయి" అని.

మాకు దారిలో చెట్లు నాటిన చోట్లు కనబడ్డాయి. ట్రాక్టరుతో తీసిన చాళ్లు ఆకాశం అంచు దాకా ఉన్నాయి. సక్సౌల్ అంటారు. చెట్టు అనాలా పొద అనాలా తెలియలేదు, ఆకులే లేవు, పచ్చటి పుల్లలు. మోకాలెత్తు ఉన్నాయి కొన్ని. చాలా చాళ్లు ఖాళీగానే కనబడ్డాయి. ఇది పనిచేస్తుందంటారా?

#19 · గోదారిగట్టు

మన దగ్గర మొక్కలు నాటే కార్యక్రమాలు చూశాక నాకు ఈ లెక్కల మీద నమ్మకం పోయింది. నాటినవి కోట్లు, బతికినవి ఫోటోలో ఉన్నవి.

#20 · మట్టిపరీక్ష

వెటకారం బాగుంది కానీ పూర్తిగా కొట్టిపారేయకండి.

నల్ల సక్సౌల్ ఆ ఎడారిలో పుట్టిపెరిగిన మొక్కే. వేళ్లు చాలా లోతుకు దిగుతాయి, ఆకులు లేవు కాబట్టి నీరు తక్కువగా ఆవిరవుతుంది, ఉప్పును ఓర్చుకుంటుంది. పెద్ద చెట్టు మొదలు దగ్గర టన్నుల కొద్దీ ఇసుక ఆగుతుంది. గాలి వేగాన్ని నేల మట్టంలో తగ్గిస్తుంది, మనకు కావలసింది అంతే. ఉజ్బెకిస్తాన్ 2018 చివర్లో ఈ పని పెద్దఎత్తున మొదలుపెట్టింది. ట్రాక్టర్లు, సైన్యం, విమానాల నుంచి విత్తనాలు చల్లడం. వాళ్ల ప్రభుత్వం చెప్పే విస్తీర్ణం 17 లక్షల హెక్టార్లు దాటింది. అందులో బతికింది ఎంతన్నదే అసలు ప్రశ్న, అక్కడ మీతో ఏకీభవిస్తాను.

ఇసుక నేలలో మొక్క నిలబడుతుంది. జిగురు ఉప్పు నేలలో నేరుగా పెడితే చచ్చిపోతుంది. అందుకే చాళ్లు తీస్తారు. గాలికి ఇసుక కొట్టుకొచ్చి ఆ చాళ్లలో నిండుతుంది, చలికాలం మంచు కూడా అందులోనే ఆగుతుంది, ఆ తడికి ఉప్పు కొంచెం కిందికి దిగుతుంది. అప్పుడు ఆ ఇసుకలో నాటాలి. అమ్మాయికి ఖాళీగా కనబడిన చాళ్లు విఫలమైనవి కావచ్చు, ఇసుక కోసం ఎదురుచూస్తున్నవీ కావచ్చు. దూరం నుంచి చెప్పలేం.

ఒక సంగతి మాత్రం చెప్పగలను. సక్సౌల్ కట్టె బొగ్గులా మండుతుంది. ఒకప్పుడు మధ్య ఆసియాలో ఈ అడవులను వంటచెరుకుకే కొట్టేశారు. నాటడంతో పని అయిపోదు, కాపలా కూడా కావాలి.

#21 · బేఏరియా_బాటసారి

డబ్బున్నవాళ్లు ఏం చేశారో కూడా చెప్తా, పోలికకు. మా కాలిఫోర్నియాలో ఓవెన్స్ లేక్ అని ఉంది. 1913లో లాస్ ఏంజెలెస్ నగరం తాగునీటి కోసం ఆ సరస్సుకొచ్చే నదిని మళ్లించుకుంది. పదిహేనేళ్లు కూడా పట్టలేదు ఎండిపోవడానికి. దశాబ్దాల పాటు అమెరికాలోకెల్లా ఎక్కువ దుమ్ము లేచే చోట్లలో అదొకటి. చివరికి కోర్టులు, చట్టాలు మెడ మీద కూర్చుంటే 2000 తర్వాత పని మొదలుపెట్టారు. కంకర పరిచారు, పల్చగా నీళ్లు పెట్టారు, ఉప్పుగడ్డి పెంచారు. దుమ్ము చాలావరకు తగ్గింది. ఖర్చు 200 కోట్ల డాలర్లు దాటింది.

ఆ సరస్సు విస్తీర్ణం మూడు వందల చదరపు కిలోమీటర్ల లోపే. అరల్‌కుమ్ దానికి రెండు వందల రెట్లు. గుణించుకోండి.

#22 · పత్తిచేను_ఆదిలాబాద్

గుణించను. రాత్రి నిద్ర పట్టదు.

#23 · చెరువుగట్టు

అందరికీ ధన్యవాదాలు. ఒక చిన్న ప్రశ్నకు ఇంత వస్తుందనుకోలేదు.

మట్టిపరీక్ష గారూ, పాల చౌడు, కారు చౌడు గురించి రాస్తానన్నారు. మాకు సాగర్ ఎడమ కాలువ కింద దిగువన అరెకరం ఉంది. పదేళ్ల క్రితం దాకా వరి బాగానే పండేది. ఇప్పుడు నాటిన పదిహేను రోజులకే ఎర్రబడి చస్తుంది. మొన్న మీ మాటలు చదివాక నమూనా తీసి పరీక్షకిచ్చాను. కార్డులో పీహెచ్ 9.1, ఈసీ 1.2 అని వచ్చింది. దీనర్థం ఏంటి? అరల్‌లా అవుతుందా ఏంటి నా అరెకరం?

#24 · మట్టిపరీక్ష

అవదు, భయపడకండి. అయితే చుట్టరికం ఉంది.

ఈసీ అంటే మట్టిలో కరిగే ఉప్పు కొలత, పీహెచ్ అంటే ఆమ్ల-క్షార గుణం కొలత. పాల చౌడంటే పైన తెల్లగా ఉప్పు తేలేది. ఈసీ 4 దాటుతుంది, పీహెచ్ 8.5 లోపు ఉంటుంది. మంచినీళ్లు పెట్టి కడిగి మురుగు కాలువలోకి వదిలేస్తే చాలావరకు బాగుపడుతుంది. అరల్ చుట్టుపక్కల ఖొరెజ్మ్ రైతులు ఏటా చలికాలం చివర పొలమంతా నీళ్లు నిలగట్టి ఇదే చేస్తారు, విత్తనం వేసే ముందు. ఉజ్బెకిస్తాన్‌లో సాగునీరున్న నేలలో దాదాపు సగానికి ఈ ఉప్పు బాధ ఉంది.

మీది కారు చౌడు. ఈసీ తక్కువ, పీహెచ్ ఎక్కువ. సోడియం మట్టి రేణువులకే అతుక్కుపోయింది, అందుకే నీరు ఇంకదు, ఆరితే బండ. దీన్ని ఉత్త నీళ్లతో కడిగితే లాభం లేదు, జిప్సం వేసి సోడియాన్ని ఊడగొట్టాలి. ఎంత వేయాలో చెప్పే పరీక్ష వేరే ఉంది, ల్యాబులో "జిప్సం మోతాదు" అని అడిగి చేయించుకోండి. జిప్సం వేశాక నీరు నిలగట్టి, తీసేసి, జీలుగ (పచ్చిరొట్ట పైరు) చల్లి పూతకొచ్చే ముందు కలియదున్నండి. ఒక్క ఏడాదిలో అద్భుతం జరగదు, మూడేళ్లు పట్టొచ్చు. బాపట్లలో చౌడు నేలల మీద పరిశోధన కేంద్రం ఉంది, వీలైతే వాళ్లనూ అడగండి.

ఇదంతా చేసే ముందు ఒకటి చూడండి. పదేళ్ల క్రితం దాకా బాగుండి ఇప్పుడు చెడిందంటే భూగర్భ నీటి మట్టం పైకొచ్చి ఉంటుంది. దీపంలో వత్తి నూనె పీల్చినట్టు మట్టి కింది నీటిని పీల్చి పైకి తెస్తుంది, నీరు ఆవిరవుతుంది, లవణం ఉండిపోతుంది. మీ అరెకరం నుంచి మురుగు నీరు బయటికి పోయే దారి ఉందా?

#25 · చెరువుగట్టు

ఉండేది సార్. మా నాన్న ఉన్నప్పుడు పడమటి గట్టు పక్కన మురుగు కాలువ ఉండేది, ఊరి వాగులో కలిసేది. మెల్లమెల్లగా పూడిపోయింది. ఆపైన పక్క పొలం మామ గట్టు జరుపుకుంటూ వచ్చి దాన్ని కలిపేసుకున్నాడు. మేమూ పట్టించుకోలేదు, మనుషులు మంచివాళ్లే కదా అని.

#26 · మట్టిపరీక్ష

అయితే జిప్సం డబ్బులు ఇప్పుడే ఖర్చుపెట్టకండి. ముందు అది తెరిపించండి.

#27 · హేచరీబాబాయ్

అలుగు లేని అరెకరం 🙂

#28 · చెరువుగట్టు

అంతే బాబాయ్. రేపు ఆదివారం, మామ ఇంట్లోనే ఉంటాడు. వెళ్లి మాట్లాడతా. ఏమంటాడో ఇక్కడే రాస్తా, చర్చ మూసేయొద్దని నిర్వాహకుడు గారికి మనవి.